కట్టెలదొంగ

మా ఊళ్ళో కట్టెలదొంగని ఎవరూ చంపరు.

చూడడానికి అది ఎండుపుల్లల చిన్న మోపులా ఉంటుంది. చిటికెనవేలంత పొడుగు. సరుగుడు పుల్లల్ని కొలిచినట్టు కొరుక్కుని, నిలువుగా పేర్చుకుని, లోపల పట్టుదారంతో అతికించుకుని, ఆ గూట్లో ఒక పురుగు కాపురం ఉంటుంది. తినేటప్పుడు తలా, ముందు కాళ్ళూ మాత్రం బయట పెడుతుంది. ఎక్కడికి కదిలినా గూడుని ఈడ్చుకుంటూనే కదులుతుంది. కిందటి జన్మలో ఎవరివో కట్టెలు ఎత్తుకుపోయిన మనిషి, ఈ జన్మలో ఆ మోపు దించుకోలేక ఇలా మోస్తోందని మా పెద్దవాళ్ళు చెబుతారు. చంపినవాళ్ళు మళ్ళీ జన్మలో అదే అయి పుడతారట. అందుకే తోట నుంచి తెచ్చిన పుల్లల్లో గూడు కనిపిస్తే ఆడవాళ్ళు దాన్ని పొయ్యిలో పడనివ్వరు. పుల్లతో సహా తీసి చూరులో గుచ్చి ఉంచుతారు. మళ్ళీ తోటకి వెళ్ళిన రోజున పట్టుకెళ్ళి, ఆకు బాగా ఉన్న చెట్టు చూసి తగిలించి వస్తారు.

చిన్నప్పుడు నేనూ అలా ఎన్నో మోసుకెళ్ళాను. మా కూర్మమ్మ అత్త నా చేతికి ఇచ్చి, జాగ్రత్త, గట్టిగా నొక్కకు అనేది.

అత్త మా నాన్నకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మావయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదే ఉంటాడు. అత్తకి శ్రీకూర్మం వెళ్ళే రోడ్డు పక్కన అట్ల పొయ్యి ఉంది. వేట నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు, చేపల గంపలతో ఆటో కోసం నిలబడే ఆడవాళ్ళు అక్కడే తింటారు. అట్టు కింద మంట ఎగిరిపడకూడదు, చల్లారిపోకూడదు. అంటించుకోవడానికి సరుగుడాకు, నిలబెట్టుకోవడానికి సరుగుడు పుల్ల. గ్యాసు మీద వేస్తే అట్టు నడుమ మాడి అంచు పచ్చిగా ఉండిపోతుందని ఆవిడ వాదన. గ్యాసు ఎందుకు కొనడం లేదో మా ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ వాదన నేనెప్పుడూ కాదనలేదు.

సరుగుడు తోట ఊరికీ సముద్రానికీ మధ్య ఇసకలో ఉంది. తుఫాను తర్వాత గాలికి అడ్డుగా ఫారెస్టు వాళ్ళు వేశారు. నలభై ఆరు వరసలు. ఆకు, ఎండుపుల్ల ఏరుకోవడానికి ఊళ్ళో ముప్పైరెండు మంది ఆడవాళ్ళకి కార్డులు ఇచ్చారు. మంగళవారం, శుక్రవారం. కింద రాలినదే తీసుకోవాలి. కత్తి తేకూడదు, కొమ్మలు లాగే దోటి తేకూడదు. తోటకి కాపలా ఎల్లాజీ మావ. అత్తకి వరసకి మరిది.

నేను పదో తరగతి మా ఊరి బళ్ళో చదివాను. ఇంటర్ రెండో ఏడు సగంలో ఆగిపోయాను. పొద్దున్న అత్తకి పిండి రుబ్బి పెట్టి, అందరూ తిని వెళ్ళాక గిన్నెలు తోమి, మంగళ శుక్రవారాల్లో ఆవిడతో తోటకి వెళ్ళేదాన్ని. అత్త పళ్ళపారతో ఆకు లాగుతుంటే నేను కట్టెలదొంగల్ని చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరూ చెప్పలేదు, ఎందుకని నన్ను నేనూ అడగలేదు. అందరూ తెలుసనుకునే పురుగు గురించి ఎవరికీ ఏమీ తెలియదన్న సంగతి మాత్రం కొంచెం కొంచెంగా తెలిసింది. అది చివరికి ఏమవుతుంది అని అడిగితే అత్త, అవడానికి ఏముంది, మోసి మోసి చస్తాది అంది.

కిందటేడు జూలైలో ఒక పాత లెక్కల పుస్తకం వెనకపక్క రాయడం మొదలుపెట్టాను. వలలు కుట్టగా మిగిలిన నైలాన్ దారం ముక్కలతో గూళ్ళకి గుర్తు ముడులు వేశాను. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఏ వరస, ఎన్నో చెట్టు, గూడు పొడుగు ఎంత. రెండేసి వారాలకి కొలిచేదాన్ని. ఆగస్టులో గోరంత ఉన్న గూడు అక్టోబరు నాటికి చిటికెనవేలంత అయింది. పురుగు తోలు విడిచే ముందు గూడుని కొమ్మకి కట్టేసుకుని మూతి మూసేసుకుంటుంది. నాలుగైదు రోజులు తిండి ఉండదు. తర్వాత కట్టు కొరికేసుకుని మళ్ళీ బయల్దేరుతుంది. పెద్దదైన కొద్దీ కొత్త పుల్లలు గూటి మూతి దగ్గరే చేరుస్తుంది. కాబట్టి కిందివైపు చివర సన్నగా, పాతగా ఉంటుంది. ఆకు తిన్నాక లేత కొమ్మల మీద పచ్చటి బెరడు కూడా గీకేస్తుంది. ఆ కొమ్మ అక్కడి నుంచి పైకి ఎండిపోతుంది.

చెట్ల తలలు ఎండడం ఎల్లాజీ మావ కూడా చూశాడు. అయితే ఆయన నవంబరులో, తలెత్తినప్పుడు చూశాడు. అప్పటికి పురుగులు తినడం మానేసి గూళ్ళు బిగించుకుంటున్నాయి. ఎండిన తలలు, కింద రాలిన పచ్చాకు, ఏరుకునే ఆడవాళ్ళు. ఆయనకి కనిపించినవి ఈ మూడే.

జనవరి తొమ్మిది, శుక్రవారం. అత్త చేతిలో దోటి ఉండగా ఎల్లాజీ మావ పట్టుకున్నాడు. ముప్పైఒకటో వరసలో, నాలుగో చెట్టు కింద. ఆయన అరుపుకి అందరూ మోపులు దించి అక్కడికి వచ్చారు.

"వదినా, నా కళ్ళతో సూసినాను. దోటి పైకెత్తి కొమ్మ లాగుతన్నావు."

"లాగుతన్నానా, తగిలిస్తన్నానా? ఎత్తడానికీ లాగడానికీ తేడా తెలీదేటిరా నీకు?"

"ఏటి తగిలిస్తన్నావు?"

"కట్టెలదొంగని. నా మోపులో వచ్చీసింది. కిందన పెడితే సీమలు పట్టీస్తన్నాయని పైన పెడతన్నాను."

ఎల్లాజీ మావ అక్కడున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, విన్నారా అన్నట్టు చూశాడు. "దొంగకి దొంగే సాయం" అన్నాడు. కొంతమంది నవ్వారు. నవ్విన వాళ్ళందరి చూరుల్లోనూ అప్పటికి ఒకటో రెండో గూళ్ళున్నాయి. మేమూ అలాగే చేస్తామండీ అని ఒక్కరూ అనలేదు. దోటి తెచ్చింది అత్త మాత్రమే.

దోటి అక్కడే విరిచి పారేశాడు. సాయంత్రానికి కాగితం రాసి పై వాళ్ళకి పంపేశాడు. పచ్చి కొమ్మలు లాగి తోట ఎండబెడుతోంది, పేరు కూర్మమ్మ, తేదీ, వరస, చెట్టు, అన్నీ రాశాడు. మార్చిలో ఆఫీసరు వచ్చి విచారిస్తాడని, నిజమని తేలితే కార్డు తీసేస్తారని, పైగా కేసు పెట్టినా పెడతారని చెప్పారు. అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. కేసంటే ఆవిడకి భయం లేదు. కార్డు పోతే పొయ్యి పోయినట్టే.

ఆ గూటికి నీలం ముడి ఉంది. అక్టోబరులో నాలుగో వరసలో నేనే వేశాను. అది ఎండుకొమ్మతో పాటు విరిగి అత్త మోపులో ఇంటికొచ్చింది, చూరులో వారం రోజులుంది, ముప్పైఒకటో వరసకి చేరింది. ఆ రోజు ఇంటికి రాగానే పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను: నీలం ముడి, అత్త దోటితో తగిలించింది. చూసింది చూసినట్టు రాయడం అలవాటు. దానికి మించి ఏ ఆలోచనా లేదు.

అనూరాధగారు వచ్చింది జనవరి ఆఖరున. యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తున్నారు. తీరం తోటలు ఎండుతున్నాయని ఆఫీసరు పిలిస్తే వచ్చారట. రెండు రాత్రులు తోటలో తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టారు. అట్ల దగ్గర కూర్చుని, గోధుమరంగు మగ రెక్కల పురుగులు పడ్డాయి గాని, ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయో, ఎన్నాళ్ళకి ఏమవుతాయో చెప్పేవాళ్ళే లేరని వాళ్ళ డ్రైవరుతో అంటున్నారు. అత్త అట్టు తిరగేస్తూ, మా పిల్ల దాని యెనకే తిరుగుతాదమ్మా అంది. అత్త అన్న మాటే అది. తర్వాత ఎవరూ అత్తకి ఆ సంగతి గుర్తు చేయలేదు, నేనూ చేయలేదు.

నేను పుస్తకం తెచ్చి చూపించాను. ఆవిడ అట్టు చల్లారిపోయేదాకా చదివారు. తర్వాత ఇద్దరం తోటకి వెళ్ళాం. మగ పురుగు బయటికి ఎలా వస్తుందో నేను పాత వలగుడ్డ కట్టిన కొమ్మ మీద చూపించాను. గూటి కింది చివర నుంచి సగం తోలు బయటికి వేలాడుతూ ఉంటుంది. ఆ తోలు ఉంటే అది మగది, వెళ్ళిపోయింది. దానికి నోరు ఉన్నట్టే ఉండదు. రెండు రోజులు ఎగిరి చచ్చిపోతుంది.

"మరి ఆడది?" అని అడిగారు, నాకు తెలుసో లేదో చూద్దామన్నట్టు.

బ్లేడుతో ఒక గూడు చీల్చి చూపించాను. లోపల పసుప్పచ్చటి మెత్తటి తిత్తి. రెక్కలు లేవు. కాళ్ళు లేవు. చూడ్డానికి కళ్ళు కూడా ఉన్నట్టు లేవు. ఆడది గూటిలోంచి ఎప్పటికీ రాదు. మగది వచ్చి బయటి నుంచే కలిసి పోతుంది. తను విడిచిన తోలులోనే గుడ్లు పెట్టి, ఒంట్లో ఉన్నదంతా గుడ్లయ్యాక, ముడుచుకుపోయి చచ్చిపోతుంది. ఒక గూట్లో గుడ్లు లెక్కపెట్టాను. ఏడు వందలు దాటాక ఆపేశాను.

అనూరాధగారు బొమ్మల్లో చూడడమే గాని బతికున్నదాన్ని చూడలేదన్నారు. యూమెటా క్రామెరి అని దాని పేరు నా పుస్తకంలో ఆవిడే రాశారు. ఆ పేరు చదువుకుంటే నాకు సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ నేను చూసినదానికి ఎక్కడో ఒక పేరు ఉందన్న సంతోషం.

అప్పుడు ఆవిడ, ఆడది ఎగరనే ఎగరదు కదా, మరి నాలుగో వరసలో ఉన్నది నలభయ్యో వరస దాకా ఎలా పాకింది తులసీ అని అడిగారు.

ఆ జవాబు నా పుస్తకంలోనే ఉంది. ముడులు వేసిన గూళ్ళలో పదిహేడు తమ చోటు మారాయి. చుక్కలు పెట్టి చూస్తే అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. ఆడవాళ్ళు తోటలోకి వచ్చే కాలిబాట మీద. ఎర్రముడి వాటిలో మూడింటిని మాతో పుల్లలేరే బుల్లమ్మ పిన్ని తగిలించింది. ఆకుపచ్చ వాటిలో రెండు నేనే తగిలించాను. అత్త తగిలించిన నీలం గూటిలో అప్పటికి పురుగు లేదు, గుడ్లున్నాయి. ఆకు నిండుగా ఉన్న చెట్టు చూసి మరీ పెట్టింది.

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. అయితే నేను ఆలోచించింది ఒక్కటే వైపు. పుస్తకంలో తేదీ, వరస, చెట్టు ఉన్నాయి. ఎల్లాజీ మావ కాగితంలోనూ అవే ఉన్నాయి. ఇది బయటపడితే అత్త దోటి మాట నిజమని తేలిపోతుంది. అందుకని పుస్తకం అనూరాధగారి చేతికిచ్చేశాను. ప్రతి పేజీ ఫోటో తీసుకున్నారు. బాట గీతనీ చుక్కల్నీ కొత్త కాగితం మీద శుభ్రంగా వేసిమ్మంటే స్కేలు పెట్టి వేసిచ్చాను. మీ అత్తయ్యకి ఏమీ కాదు అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

ఫిబ్రవరి మూడో వారంలో గుడ్లు పగిలాయి. ఆ సంగతి అంతకుముందు ఏడాది నేను చూడలేదు. గూటి కింద కన్నంలోంచి ఆవగింజంత పురుగులు ఒక్కొక్కటే దారం వదులుకుంటూ దిగాయి. గూటి కింద నల్లటి జల్లు వేలాడుతున్నట్టుంది. దక్షిణం గాలి వచ్చింది. దారాలు తెగి, పురుగులు గాలిలో పడ్డాయి. నేను చూస్తుండగానే కొన్ని మూడు వరసల అవతలికి వెళ్ళాయి. కొన్ని నా జుట్టు మీద వాలాయి. ఆ పూటకే నా దుపట్టా నూలు కొరుక్కుని చిన్న గూళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాయి.

అంటే మనిషి చెయ్యి లేకపోయినా అది పాకుతుంది. మనిషి మోసినది పదిహేడు. గాలి మోసినది ఎంతో లెక్క లేదు. నేను ముడి వేయగలిగినవాటినే చూశాను. ముడికి అందనివాటి మాట పుస్తకంలో లేదు.

అనూరాధగారికి ఫోటోలతో మెసేజ్ పెట్టాను. చాలా విలువైన సంగతి, రిపోర్టు కిందటి వారమే ఇచ్చేశాం, పేపరు రాసేటప్పుడు తప్పకుండా చేరుస్తాను అని జవాబొచ్చింది.

మార్చిలో బడి వరండాలో మీటింగు పెట్టారు. ఆఫీసరు మర్యాదస్తుడు. ఆడవాళ్ళందరినీ కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. రిపోర్టు తీసి, తోట ఎండడానికి కారణం పురుగని, కొమ్మలు లాగడం కాదని చదివాడు. జనవరి తొమ్మిదిన కూర్మమ్మ గూడు తగిలించడమే జరిగిందని, చెట్టుకి విరిగిన గుర్తు లేదని చదివాడు. ఎల్లాజీ మావ తల దించుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. అత్త నా వైపు తిరిగి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి గరిటె పట్టి పట్టి గరుగ్గా ఉంటుంది.

ఆఫీసరు పేజీ తిప్పాడు. ఈ సంగతులన్నీ ఓపికగా రాసిపెట్టిన అమ్మాయి మీ ఊరిదే, అందరూ మెచ్చుకోవాలి అని నా పేరు చదివాడు. కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత అదే గొంతుతో కింది వాక్యం చదివాడు. ఆడపురుగు ఎగరలేదు కాబట్టి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పురుగుని చేరవేస్తున్నది ముఖ్యంగా తోటలోకి వచ్చే మహిళలే. నా బాట గీత, నా చుక్కలు పెద్ద కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించి తెచ్చాడు. ఎత్తి చూపించాడు.

పురుగు పూర్తిగా పోయేవరకు తోటలోకి ఎవరూ రాకూడదు. కంచె వేస్తారు. కార్డులన్నీ ఈ రోజే అప్పగించాలి.

నేను లేచి నిలబడ్డాను. పదిమందిలో లేచి మాట్లాడడం నాకు అలవాటు లేదు. పిల్ల పురుగులు గాలికి కూడా ఎగురుతాయండి, నేను చూశాను, దారం మీద వెళ్తాయి అన్నాను.

ఆఫీసరు నవ్వాడు. వెటకారం ఏమీ లేదు. "గాలికి మనం కార్డు ఇవ్వలేదు కదమ్మా, తీసుకోడానికి" అన్నాడు. అందరూ నవ్వారు. మా వాళ్ళు కూడా.

ఎల్లాజీ మావే ముప్పైరెండు కార్డులూ ఒక ప్లాస్టిక్ సంచిలోకి పోగుచేశాడు. అత్త దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. అత్త రవికలోంచి కార్డు తీసి, దాని మీది చెమట కొంగుతో తుడిచి, అతని చేతిలో కాకుండా సంచిలోనే వేసింది.

బయటికి వచ్చాక బుల్లమ్మ పిన్ని మా ముందుకొచ్చి నిలబడింది. పిన్ని కొడుకు కోటబొమ్మాళిలో ఉంటాడు, ఇంట్లో ఆవిడ ఒక్కర్తే, వండుకునేది తోట పుల్లలతోనే.

"కూర్మమ్మప్పా, ఆ రోజే నానే లాగినానని ఒప్పీసుకుంటే నీ కార్డు ఒక్కటే పోయుండును" అంది. తర్వాత నా వైపు చూసింది. "నాను మూడు తగిలించినానని కూడా రాసినావట. నువ్వు నాకాడ కూకుని అడిగితే నవ్వులాటకి అడుగుతన్నావు అనుకున్నాను."

అడిగినప్పుడు నేనూ నవ్వుతూనే అడిగాను. పిన్ని మాట నిజమే. నేను రాసిందీ నిజమే.

అత్త ఇంటికి వచ్చి, చూరులో గుచ్చి ఉన్న రెండు గూళ్ళ వంక చూసి, గడప మీద కూర్చుంది.

"సూసిందల్లా రాసీడమేనేటే?" అంది.

నీ కోసమే ఇచ్చానత్తా అన్నాను. తెలుసులే అంది. తెలుసన్న మాటతో ఆవిడ కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, నాతో మామూలుగానే ఉంది. పిండి ఎంత రుబ్బాలో చెప్పేది, జడ వేసేది. తోట వైపు వెళ్ళేటప్పుడు ఒకప్పుడు నన్ను పిలిచేది కదా, ఇప్పుడు పిలవడానికి తోట లేదు.

ఏప్రిల్‌లో నిచ్చెనలతో పనివాళ్ళు వచ్చారు, గజపతినగరం అవతలి నుంచి. కనిపించిన గూళ్ళన్నీ కోసి కుప్పపోసి కాల్చారు. అప్పటికి అవి ఖాళీ గూళ్ళు. పిల్లలు వెళ్ళిపోయి రెండు నెలలయింది. ముళ్ళకంచె అవతల నుంచి చూసి ఆ సంగతి మేస్త్రీకి చెప్పాను. మాకు ఎన్ని కోసేమో రాసుకోమన్నారు, లోపల ఏటుందో రాసుకోమన్లేదు అన్నాడు.

వానలు పడ్డాక ఎండిన తలల పక్క నుంచి కొత్త ఆకు వేసింది. జూలైలో కంచె చుట్టూ నడిచి చూశాను. ఉత్తరం పక్క వరసల నిండా చిన్న చిన్న గూళ్ళు. మా వాళ్ళు ఎప్పుడూ అడుగు పెట్టని వైపు అది. ఆ పక్క బాట లేదు. కంచె తీగ మీద కూడా పట్టుకుని ఉన్నాయి. అన్నీ రాసుకున్నాను, ఈసారి గాలి దిక్కుతో సహా. కొత్త పటం వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. రెండు గంటలు కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఆఫీసరు గుర్తుపట్టాడు, టీ తెప్పించాడు. పటం శ్రద్ధగానే చూశాడు. ఇది బాగుంది తల్లీ, అయితే ఆ ఫైలు మూసేశాం, మళ్ళీ సర్వే పడితే అప్పుడు ఇద్దువుగాని అన్నాడు. సర్వే ఎప్పుడని అడిగాను. చెప్పలేమన్నాడు. వచ్చేటప్పుడు రిపోర్టు కాపీ ఒకటి నా చేతికి ఇచ్చారు. ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద నా పేరు, ఊరి పేరు అచ్చులో ఉన్నాయి. దాన్ని అట్ల పొయ్యి దగ్గర చదవలేదు.

ఇప్పుడు అత్త కొబ్బరి మట్టలు తెస్తోంది. కొబ్బరి మంట ఎగిరిపడుతుంది. అట్టు అంచు నల్లబడుతోందని తినేవాళ్ళు అంటున్నారు. కొందరు మెయిన్ రోడ్డు మీద గ్యాసు పెట్టిన బండి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. బుల్లమ్మ పిన్ని మా పొయ్యి ముందు నుంచి వెళ్ళడం మానేసి వీధి చివరి నుంచి తిరిగి వెళుతోంది.

మొన్న మంగళవారం పొద్దున్న అత్త మట్టలు విరుస్తూ ఆగింది. కంచె పక్కన పడున్న మట్ట కాబోలు. ఈనె మీద ఒక గూడు పట్టుకుని ఉంది, వేలి కణుపంత. బతికే ఉంది. తల బయటికి పెట్టి, వెలుతురు తగిలి లోపలికి లాక్కుంది. నేను చెయ్యి చాపాను, అలవాటుగా. కంచె దాకా వెళ్ళి అవతల చెట్టుకి విసిరేసి వద్దామనుకున్నాను.

అత్త ఇవ్వలేదు. గూడుని వేళ్ళ మధ్య తిప్పి చూసి పొయ్యిలో వేసింది.

"అత్తా" అన్నాను.

"పుడితే పుడతాను" అంది. "దానికి తోటలోకి ఎల్లడానికి కార్డు అక్కర్నేదు."

పట్టు కాలిన వాసన జుట్టు కాలిన వాసనలా ఉంటుంది. కాసేపు ఉండి పోయింది. అత్త పెనం మీద నీళ్ళు చిలకరించి, గుడ్డతో తుడిచి, తర్వాతి అట్టుకి పిండి పోసింది.